పని నేర్చిన చేతులకు విలువ కట్టండి: నైపుణ్య ధ్రువీకరణ అధికారులకు, నిర్మాణ సంస్థలకు ఒక బహిరంగ లేఖ

బెంగళూరు

నైపుణ్యాల గుర్తింపు, కనీస వేతనాలు, కార్మిక సంక్షేమం చూస్తున్న అధికారులకు, ఈ నగరంలో భవనాలు కట్టిస్తున్న సంస్థల యజమానులకు, నా తోటి సివిల్ ఇంజనీర్లకు

నమస్కారం.

నేను సివిల్‌లో డిప్లొమా చదివి, ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళో సైట్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషిని. మా సొంత ఊరు హిందూపురం దగ్గర. ఇప్పుడు మహదేవపుర, వర్తూరు, సర్జాపుర రోడ్డు వైపు సైట్లలో పనిచేసే తెలుగు కార్మికులకు అర్జీలు రాసిపెట్టడం, ఫారాలు నింపిపెట్టడం నా వ్యాపకం. వాళ్ళలో అనంతపురం, కర్నూలు, కడప, పాలమూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. నిరుడు నలభై మందికి పైగా మేస్త్రీలు, రాడ్ బెండింగ్ పనివాళ్ళు, సెంట్రింగ్ పనివాళ్ళు సంతకాలు, వేలిముద్రలు వేసిన ఒక అర్జీని నేనే స్వయంగా తీసుకెళ్ళి ఒక కార్యాలయంలో ఇచ్చాను. రసీదు ఇచ్చారు. మూడు నెలలు చూసి మళ్ళీ వెళితే అది తమ పరిధిలోకి రాదని ఇంకో కార్యాలయానికి వెళ్ళమన్నారు. ఆ రెండో కార్యాలయంవారు అర్జీని శ్రద్ధగానే చదివి, ఇది మొదటి కార్యాలయం చూడవలసిన సంగతే అన్నారు. ఆ తరువాత రెండు చోట్లకూ రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. అందువల్లే ఈ లేఖ అందరి ముందూ పెడుతున్నాను.

మా అర్జీలోని విషయం ఇది. బడిలో కాక పనిలో నేర్చుకున్న విద్యను పరీక్షించి, గుర్తించి, ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు మన దేశంలో ఉంది. అయితే ఆ పరీక్ష పనితనాన్ని సరిగా చూడటం లేదు, ఆ ధ్రువపత్రం వచ్చిన మర్నాడు కార్మికుడి కూలిలోగాని, హోదాలోగాని, చదువులోగాని ఏ మార్పూ రావడం లేదు. ఈ రెండూ సరిదిద్దాలన్నదే మా కోరిక.

పనిలో నేర్చిన విద్యకు గుర్తింపు ఇవ్వాలన్న ఆలోచన మేము కొత్తగా కనిపెట్టినది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2004లో ఆమోదించిన 195వ సిఫారసు, నైపుణ్యం ఏ దేశంలో నేర్చినా, బడిలో నేర్చినా బయట నేర్చినా దాన్ని అంచనా వేసి ధ్రువీకరించే పద్ధతులు ఏర్పరచాలని ప్రభుత్వాలకు చెప్పింది. ఫ్రాన్సు 2002లో చట్టం చేసి, ఉద్యోగానుభవం ఆధారంగానే డిప్లొమా పొందే అవకాశాన్ని పౌరులకు హక్కుగా ఇచ్చింది. మన దేశంలో 2013 డిసెంబరులో, నైపుణ్యాలను స్థాయిలుగా విభజించే జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వచ్చింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ‘రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్’, అంటే ముందే నేర్చిన విద్యకు గుర్తింపు, అనే విభాగం చేరింది. సైట్లలో దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. శిక్షణ, మూల్యాంకన సంస్థల మీద అజమాయిషీకి 2018లో ఎన్‌సీవీఈటీ అనే జాతీయ మండలిని ఏర్పాటు చేశారు. తెలుగువాళ్ళకైతే ఈ ఆలోచన ఇంకా పాతది. 1982లో హైదరాబాదులో మొదలై, తరువాత అంబేద్కర్ పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇంటర్ లేనివారిని సైతం అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. అలా డిగ్రీ అందుకున్న గుమస్తాలు, గృహిణులు మా బంధువుల్లోనే ఉన్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కనీస వేతనాల విషయం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే కనీస వేతనాల ప్రకటనల్లో పనులను అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అని నాలుగు వర్గాలుగా విడదీస్తారు. వాటిలో స్కిల్డ్ పనికి ఇచ్చిన నిర్వచనం చూడండి: పనిలో అనుభవం ద్వారా గాని, అప్రెంటిస్‌గా లేదా సాంకేతిక సంస్థలో శిక్షణ ద్వారా గాని వచ్చిన సామర్థ్యం అని అందులో ఉంది. అనుభవమన్న మాటే ముందు వచ్చింది, శిక్షణ దాని తరువాతే వచ్చింది. కాగితం లేకపోయినా పని వస్తే చాలునని నిర్వచనమే ఒప్పుకుంటున్నప్పుడు, ప్రభుత్వమే పరీక్ష పెట్టి కాగితం ఇచ్చిన తరువాత కూడా ఆ మనిషి పేరు అన్‌స్కిల్డ్ పద్దులో ఎందుకు ఉంటోందన్నది మా మొదటి ప్రశ్న.

ఈ కార్మికులకు తెలిసిన విద్య ఎలాంటిదో ఒక మనిషిని చూపి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నాకు పని నేర్పినది పెనుకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమేస్త్రి. ఆయనకు సంతకం చేయడం రాదు. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుకతో మాలు కలపాలని నేను పెట్టెలు లెక్కపెడుతుంటే, ఆయన ఇసుక పిడికిట్లో పట్టి నొక్కి చూసి, ఈ రోజు ఇంకో పెట్టెకు పైగా పోయించమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన వాదించకుండా ఒక డబ్బాలో ఆ ఇసుకే నిండా పోసి, నీళ్ళు నింపి, కదిలించి, పేరుకోనిచ్చి చూపించారు. డబ్బా అంచు నుంచి ఇసుక మట్టం బాగా కిందికి దిగింది. తడి ఇసుక ఉబ్బుతుందని, నాలుగైదు శాతం తేమ దగ్గర దాని పరిమాణం పావు వంతు దాకా పెరగవచ్చునని నేను పాలిటెక్నిక్‌లో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఉబ్బిన ఇసుకను పెట్టెతో కొలిస్తే, ఆరు పాళ్ళు అనుకున్నది నిజానికి అయిదు పాళ్ళు కూడా ఉండదని ఆ రోజు దాకా నా చేతికి తెలియలేదు.

అలాంటివి చాలా నేర్పారు. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి ఖంగుమంటే సరిగా కాలినవని, మొద్దుగా మోగితే పక్కన పెట్టమని చెప్పారు. గోడ మూల లంబకోణంగా ఉందో లేదో చూడటానికి మూడు, నాలుగు, అయిదు అడుగులు గుర్తు పెట్టిన తాడు వాడేవారు. అది పైథాగరస్ సిద్ధాంతమని నేను చెబితే, ఆయన ఎవరో తెలియదు గాని మా నాయన ఇట్లే కొలిచేవాడన్నారు. పారదర్శకపు గొట్టంలో నీళ్ళు పోసి ఇంటి నాలుగు మూలలా మట్టం తీసేవారు. స్లాబ్ కింద జాకీలు ఎన్ని రోజులు ఉంచాలో, గదుల వెడల్పును బట్టి ఏవి ముందు తీయవచ్చో, ఏవి తీయకూడదో ఆయన చెప్పినదానికీ, నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు అని కాంక్రీటు పనులకు జాతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెప్పినదానికీ తేడా లేదు.

ఈ పెద్దమేస్త్రికి 2018 ప్రాంతంలో, నేను పనిచేస్తున్న సైట్‌లోనే, ఆర్‌పీఎల్ పరీక్ష జరిగింది. పేర్లు రాసుకున్నారు, ఆధార్ తీసుకున్నారు, టోపీలు, చొక్కాలు పంచారు. పరిచయ శిక్షణ పన్నెండు గంటలు ఉండాలని నిబంధన. అది ఒక మధ్యాహ్నంలో ముగిసింది. పరీక్ష చేయడానికి వచ్చిన కుర్రవాడికి తెలుగు రాదు, కన్నడమూ రాదు. పలక లాంటి ట్యాబ్‌లో ఇంగ్లీషులో, హిందీలో ప్రశ్నలు వచ్చాయి. నిర్వాహకుల మనిషి ఒకతను పక్కన కూర్చుని ఏ గడి మీద వేలు పెట్టాలో చూపించాడు. ఇక చేతిపని పరీక్ష. సమయం లేదన్నారు. అంతకుముందే ఎవరో కట్టి ఉన్న గోడ ముందు ఒక్కొక్కరినీ నిలబెట్టి, చేతికి తాపీ ఇచ్చి ఫోటో తీశారు. మా పెద్దమేస్త్రి, “గోడ నేను కట్టి చూపిస్తా, నువ్వు తూకపుగుండు వేసి నిలువు చూడు సామీ, ఊరికే ఫోటో ఎందుకు?” అని నాతో అన్నారు. నేను ఆ మాటను ఆ కుర్రవాడికి చెప్పాను. అతను నవ్వి, తరువాతి పేరు పిలిచాడు.

కొన్ని నెలలకు ధ్రువపత్రం వచ్చింది, ఉత్తీర్ణులైనవారికి ఇచ్చే 500 రూపాయలూ వచ్చాయి. ఆయన ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో వేశారు. ఎవరికైనా చూపించారా అని తరువాత ఒకసారి అడిగాను. గోడ చూడకుండా ఇచ్చిన కాగితం చూపించడానికి సిగ్గు అన్నారు.

పని తెలిసినవాళ్ళు ఈ పరీక్ష సులువుగా ఉండాలని కోరుకోవడం లేదని మీరు గమనించాలి. మా అర్జీ మీద సంతకం చేసిన మేస్త్రీలలో ఎక్కువమంది అడిగినది పరీక్ష గట్టిగా పెట్టమనే. తాపీ పట్టుకుని ఫోటో దిగిన ప్రతివాడికీ వాళ్ళకిచ్చిన కాగితమే ఇస్తే, వాళ్ళ నలభై ఏళ్ళ పనికి ఇక విలువేముంటుంది?

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మస్టర్ రోల్ మీద సంతకం పెట్టిన చేయి నాదే. ఆ పుస్తకంలో పేరు, వయసు, హాజరు పక్కన పనివర్గం అని ఒక గడి ఉండేది. పద్దులో కూలి తక్కువ కనపడాలని పైనుంచి మాట వస్తే, ఎవరి సాయం లేకుండా గోడ ఎత్తగలిగినవాళ్ళను కూడా అన్‌స్కిల్డ్ అని రాశాను. వాళ్ళకు చేతికి వచ్చేది కూలీలను కుదిర్చే గుంపు మేస్త్రితో మాట్లాడుకున్న రేటు కదా, పుస్తకంలో ఏం రాస్తే ఏమిటని సర్దుకున్నాను. ఆ గడి బరువు నాకు తరువాత తెలిసింది. ఓవర్‌టైం లెక్క, పీఎఫ్ లెక్క, ప్రమాదం జరిగితే పరిహారం లెక్క ఆ రాతనుబట్టే నడుస్తాయి. వేరే సంస్థలో అనుభవానికి రుజువు అడిగినప్పుడు వాళ్ళకున్న ఒకే ఒక రాతపూర్వక సాక్ష్యం అదే, ఆ సాక్ష్యం వాళ్ళకు పని రాదని చెబుతుంది. నా తోటి ఇంజనీర్లను ఈ లేఖలో చేర్చినది ఇందుకే.

ఈ పరిస్థితివల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది ఇది:

1. కూలి. ధ్రువపత్రం ఉన్న కార్మికుడిని స్కిల్డ్ వర్గంలో చూపాలని యజమానిని కట్టడి చేసే నియమం ఆచరణలో లేదు. సంస్థ నుంచి కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి సబ్ కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి గుంపు మేస్త్రికి పని దిగేసరికి, రేటు నిర్ణయించేది కాగితం చూసి కాదు. పోయిన ఏడాది వర్షాలకు పనులు ఆగినప్పుడు, ధ్రువపత్రం ఉన్న ఒక టైల్స్ మేస్త్రి అడ్డాలో నిలబడి, మట్టి మోసే కూలి రేటుకు వెళ్ళడం నేను చూశాను. ఆయన జేబులోని కాగితం ఆ రోజు బేరంలో ఒక్క రూపాయి కూడా పెంచలేదు.

2. వయసు. యాభై అయిదు దాటాక మోకాళ్ళు పరంజా ఎక్కనివ్వవు. అప్పటికి ఆ మనిషి తలలో, చేతిలో ఉన్న విద్య అత్యధికంగా ఉంటుంది, దాన్ని వాడుకునే ఉద్యోగం మాత్రం ఉండదు. నాణ్యత చూసే సూపర్‌వైజరు కావాలంటే పదో తరగతి, ఆపైన ఐటీఐ లేదా డిప్లొమా అడుగుతారు. శిక్షకుడు కావాలన్నా, పరీక్షకుడు కావాలన్నా ఇదే అడ్డు. అందుకని ముప్పై ఏళ్ళు భవనాలు కట్టినవాళ్ళు, తాము కట్టిన అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరే వాచ్‌మన్లుగా కూర్చుంటున్నారు. మా పెద్దమేస్త్రి చివరి నాలుగేళ్ళు అలాగే గడిపారు. ఆ అపార్ట్‌మెంటు సెల్లారులో గోడకు చెమ్మ వస్తే, వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ మనుషులు రెండుసార్లు వచ్చి వెళ్ళిన తరువాత, నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూపినది ఆయన. సొసైటీవాళ్ళు ఆ నెల ఆయనకు రెండు వందలు బహుమానం ఇచ్చారు.

3. ఆడవాళ్ళు. సైట్‌లో మాలు కలపడం, ఇటుకలు తడపడం, క్యూరింగ్ (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం) చూడటం చాలావరకు ఆడవాళ్ళ పని. క్యూరింగ్ మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇతర పదార్థాలు కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు ఆగకుండా జరగాలని ప్రమాణం చెబుతుంది. అది సరిగా జరగకపోతే ఎంత మంచి కాంక్రీటైనా బలం తెచ్చుకోదు. ఇంత బాధ్యత గల పనికి పుస్తకంలో రాసే పేరు హెల్పర్. పార చప్పుడు విని మాలులో నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పగల ఒకామె మా సైట్ పరీక్షకు పేరు ఇస్తే, “మీరు హెల్పర్ కదమ్మా, మేసన్ పరీక్షకు మీ పేరు రాయము” అన్నారు. సమాన పనికి సమాన వేతనమన్న చట్టం 1976లోనే వచ్చింది. పని పేరునే చిన్నది చేస్తే ఆ చట్టాన్ని దాటిపోవచ్చునని మా సంస్థలకు ఎప్పుడో తెలిసిపోయింది.

4. విదేశం. పదో తరగతి లేని కార్మికుడి పాస్‌పోర్టు మీద 1983 నాటి వలసల చట్టం కింద ఎమిగ్రేషన్ చెక్ ముద్ర ఉంటుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళేముందు అనుమతి తీసుకోవాలి. అది రక్షణ కోసమే, దాన్ని తప్పుపట్టను. కాని ఆ ముద్ర నుంచి మినహాయింపు పొందేవారి జాబితాలో మూడేళ్ళకు పైగా విదేశాల్లో ఉండి వచ్చినవారు ఉన్నారు. అంటే మూడేళ్ళు పరాయి దేశంలో ఉండటం లెక్కకు వస్తుంది, మూడు దశాబ్దాలు బెంగళూరులో ఇళ్ళు కట్టడం రాదు. సౌదీ అరేబియా ప్రభుత్వం 2022 చివరి నుంచి మన దేశంలోనే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్ల వంటివారికి పరీక్షలు పెట్టి, నైపుణ్యం నిర్ధారించుకునే ఏర్పాటు చేసుకుంది. కాగితానికి పర్యవసానం ఉంటే పరీక్ష కూడా పనితనాన్ని చూసే తీరుతుందనడానికి దీన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు.

5. చదువు. చదువును, శిక్షణను క్రెడిట్లు అనే పాయింట్లుగా లెక్కించే జాతీయ క్రెడిట్ చట్రం 2023లో వచ్చి అనుభవానికి చోటిచ్చింది, అందుకు కృతజ్ఞతలు. కాని అది చోటిచ్చిన తీరు చూడండి. ఒక అర్హతకు వచ్చిన క్రెడిట్లను, ఆ రంగంలో ఏడేళ్ళకు మించి అనుభవం ఉంటే గరిష్ఠంగా రెండుతో హెచ్చిస్తారు. అనుభవం తగ్గితే హెచ్చింపూ తగ్గుతుంది. మూల అర్హత లేని మేస్త్రికి సున్నాను రెండుతో హెచ్చించినా సున్నాయే వస్తుంది. ఆ మూల అర్హతను ఇవ్వగలిగినది ఆర్‌పీఎల్ ఒక్కటే. దాన్నే ఫోటోల తతంగంగా మార్చాక పై నిచ్చెన ఎంత బాగా కట్టినా మొదటి మెట్టు లేదు.

6. ఇళ్ళు కొనుక్కున్న జనం. స్తంభం ఇనుము మీద 40 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవరు) ఉందా, భూకంప ప్రమాణం చెప్పినట్టు రింగుల కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంచారా అన్నది కాంక్రీటు పోశాక ఎవరికీ కనపడదు. అప్పు చేసి ఫ్లాటు కొన్నవారికి ఆ రోజు రాడ్ కట్టిన మనిషి ఒక్కడే భరోసా.

ఇంతవరకు చదివిన అధికారులకు ఒక అనుమానం రావచ్చు. అనుభవం ఉన్నవాళ్ళందరికీ పని వచ్చినట్టేనా? కాదు. ముప్పై ఏళ్ళు తప్పుగా చేసినవాడికి ఉన్నదీ ముప్పై ఏళ్ళ అనుభవమే. కాంక్రీటు సులువుగా జారాలని నీళ్ళు ఎక్కువ పోసేవాళ్ళు, కొక్కెం వంచడానికి బద్ధకించి 90 డిగ్రీలతో వదిలేసేవాళ్ళు, కవరు బిళ్ళలు పెట్టకుండా ఇనుము కింద రాతి ముక్క దోపేవాళ్ళు నాకు బాగా తెలుసు. వాళ్ళను ఆపవలసిన ఇంజనీరు ఎన్నిసార్లు చూసీచూడనట్టు పోయాడో అదీ తెలుసు. అందుకే పరీక్ష అవసరం. ఏళ్ళు లెక్కపెట్టి కాగితం ఇవ్వమని మేము కోరడం లేదు, పని చూసి ఇవ్వమంటున్నాము. ఒకచోట తప్పితే ఆ ఒక్కటీ నేర్పి మళ్ళీ పరీక్షించమంటున్నాము.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది కదా అని మరికొందరు అంటున్నారు. మంచి పథకమే. గుర్తింపు కార్డు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. అందులోని 18 వృత్తుల్లో తాపీపని, వడ్రంగం ఉన్నాయి. రాడ్ బెండింగ్, టైల్స్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ లేవు. కుటుంబానికి ఒక్కరికే అవకాశం. భార్యాభర్తలిద్దరూ ఒకే సైట్‌లో పనిచేసే ఇళ్ళలో ఆ ఒక్కరు ఎవరవుతారో చెప్పనక్కర్లేదు. పైగా అది సొంతంగా పని చేసుకునేవారికి ఉద్దేశించినది, కాంట్రాక్టరు దగ్గర కూలికి పనిచేసేవారి సమస్య దానితో తీరదు.

మా డిమాండ్లు:

1. చేతిపని పరీక్ష నిజంగా చేతిపని పరీక్ష కావాలి. మేసన్ అయితే మూల తిరిగే గోడ, కిటికీ కమ్మీతో సహా, కట్టాలి. తూకపుగుండు, రసమట్టం, మూలమట్టం పెట్టి కొలిచిన కొలతలు ధ్రువపత్రం వెనుక రాయాలి. ఫోటో చాలదు, మొత్తం పని వీడియోగా భద్రపరచాలి.

2. ప్రశ్నలు నోటితో అడిగి, నోటితో జవాబు తీసుకునే వీలు ఉండాలి. బెంగళూరు సైట్లలో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, బెంగాలీ, ఒడియా మాట్లాడే కార్మికులున్నారు. అభ్యర్థి భాష తెలియని పరీక్షకుడు పెట్టిన పరీక్ష చెల్లదని నియమం చేయండి. చదవడం రాకపోవడం, గోడ కట్టడం రాకపోవడం ఒకటి కావు.

3. ప్రతి పరీక్షలోనూ ఇద్దరు పరీక్షకుల్లో ఒకరు అదే పనిలో పదిహేనేళ్ళు దాటిన మేస్త్రి అయి ఉండాలి. ఆ మేస్త్రికి పదో తరగతి షరతు పెట్టకూడదు. ఇంకో మేస్త్రి గోడ బాగుందో లేదో అందరికన్నా ముందు కనిపెట్టేది, అందరికన్నా నిర్దయగా చెప్పేదీ మేస్త్రే. పెద్ద వయసువాళ్ళకు దీనివల్ల ఒక గౌరవమైన ఉపాధి కూడా దొరుకుతుంది.

4. ధ్రువపత్రం సంఖ్య మస్టర్ రోల్‌లో, వేతన చీటీలో రాయాలి. ఆ సంఖ్య ఉన్న మనిషిని స్కిల్డ్ కన్నా తక్కువ వర్గంలో చూపితే, ఎందుకు చూపారో యజమాని రాతపూర్వకంగా చెప్పాలి. ప్రభుత్వ పనుల టెండర్లలో ధ్రువీకరణ పొందిన కార్మికుల నిష్పత్తిని ఒక షరతుగా పెట్టండి. ఈ ఒక్క పని చేస్తే మిగిలినవాటిలో సగం వాటంతటవే జరుగుతాయని నా నమ్మకం, ఎందుకంటే అప్పుడు కార్మికుల పరీక్షల కోసం మా సంస్థలే మీ గుమ్మం దగ్గర నిలబడతాయి.

5. పరీక్ష రోజు కూలి పోకూడదు. నిర్మాణ వ్యయం మీద వసూలు చేసే ఒక శాతం సెస్సు, 1996 నాటి చట్టాలతో మొదలైనప్పటి నుంచీ, ఈ కార్మికుల సంక్షేమానికే. పరీక్ష ఖర్చు, ఆ రోజు కూలి దాని నుంచే ఇవ్వండి. ఇంకొక మాట. సంక్షేమ బోర్డులో నమోదుకు గత పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసిన రుజువు అడుగుతారు. ఏటా పేరు కొనసాగించుకున్న కార్మికుడి అనుభవం మొత్తం ఆ విధంగా ప్రభుత్వం దగ్గరే నమోదై ఉంది. మళ్ళీ అనుభవ పత్రం తెమ్మని, ఎప్పుడో మూతపడిన కాంట్రాక్టరు చుట్టూ తిప్పకండి. ఆ నమోదును, అసంఘటిత కార్మికులకు 2021 నుంచి ఇస్తున్న ఈ-శ్రమ్ సంఖ్యను, నైపుణ్య ధ్రువపత్రాన్ని కలిపితే, హిందూపురంలో ఇచ్చిన కాగితం బెంగళూరులో, బెంగళూరుది హైదరాబాదులో చెల్లుతుంది.

6. మాలు కలపడం, క్యూరింగ్, పాయింటింగ్ పనులకు విడిగా పరీక్షలు పెట్టి, ఆడవాళ్ళను పేరుపేరునా పిలవండి.

7. 2018 ప్రాంతంలో మా సైట్‌లో జరిగినట్టు గోడ చూడకుండా ధ్రువపత్రాలు ఇచ్చిన శిబిరాలు ఎన్నో విచారించండి. అలా కాగితం పొందిన కార్మికులను శిక్షించకండి, వాళ్ళ తప్పేమీ లేదు. రుసుము లేకుండా మళ్ళీ పరీక్షకు పిలవండి.

ఈ ఏడింటిలో ఏది ఏ కార్యాలయం పరిధిలోకి వస్తుందో, ఏది ఎవరి పరిధిలోకీ రాదో, 60 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాము. మా నిరుటి అర్జీ నకలు, రసీదు నా దగ్గర ఉన్నాయి. జవాబు రాకపోతే ఆ రెండు కార్యాలయాలకూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెడతాము. వాటి ముసాయిదా కూడా సిద్ధంగా ఉంది.

మీలో ఎవరికైనా ఈ మాటల మీద నమ్మకం కలగకపోతే, ఏ ఆదివారమైనా వర్తూరు వైపు మా వాళ్ళు పనిచేసే చోటికి రండి. ఇటుకలు, సిమెంటు, ఇసుక మేము తెప్పిస్తాము. నలుగురు మేస్త్రీలు మీ ముందే పునాది మట్టం తీసి గోడ ఎత్తుతారు. తూకపుగుండు మాత్రం మీరే తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సైట్ ఇంజనీరు,
అర్జీపై సంతకాలు, వేలిముద్రలు వేసిన నిర్మాణ కార్మికుల తరఫున